శాస్త్ర వీధి: ఆకాశంలో పొత్తు సేద్యం



పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇద్దరు కలిసి కొన్న గేదెకు గడ్డి వెయ్యవలసి వచ్చినప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పాలు పితికే వేళకు మాత్రం ఇద్దరూ చెంబులతో హాజరు. అన్నదమ్ముల మధ్యనే పొత్తు నిలవని లోకంలో దేశాల మధ్య నిలుస్తుందా అని అనుమానం రావడం సహజమే. అయితే భూమిని ఆకాశం నుంచి కనిపెట్టి ఉండే పని ఒకటి యాభై ఏళ్ళకు పైగా ఇలాంటి పొత్తు మీదనే నడుస్తోంది. మధ్యలో అలకలు వచ్చాయి, ఆంక్షలు వచ్చాయి, ధరల దగ్గర పేచీలు వచ్చాయి. అయినా ఆగలేదు. ఎందుకు ఆగలేదు, ఇక ముందు ఎక్కడ తెగే ప్రమాదం ఉంది అన్నది ఈ నెల మన విషయం. మనం పన్ను కట్టే దేశం ఇందులో ఒక భాగస్వామి, మన అమ్మానాన్నలు ఉండే దేశం మరొక భాగస్వామి. కాబట్టి ఇది మన ఇంటి సంగతి కూడా.

2025 జూలై 30 సాయంత్రం శ్రీహరికోట నుంచి జి.ఎస్‌.ఎల్‌.వి. రాకెట్టు మీద నిసార్ అనే ఉపగ్రహం పైకి వెళ్ళింది. నాసా, ఇస్రో కలిసి తయారుచేసిన రాడార్ ఉపగ్రహం ఇది. బరువు 2,400 కిలోలకు కాస్త తక్కువ. దీని భారతీయ రాడార్ ఆగస్టు 19న తీసిన మొదటి బొమ్మ ఏ చోటిదో తెలుసా? మన గోదావరి డెల్టాది. ఈ సైక్లోస్టైల్ కాగితం మీద బొమ్మ వెయ్యడం కుదిరే పని కాదు గనుక మాటల్లోనే చెబుతాను. సముద్రం అంచున మడ అడవులు, వాటి వెనక పంటభూములు, వక్కతోటలు, చేపలూ రొయ్యలూ పెంచే చెరువులు, దేనికది విడివిడిగా తెలిసిపోతున్నాయి. కోనసీమ వాళ్ళెవరైనా ఆ బొమ్మ చూస్తే ముందు తమ ఊరు వెతుక్కుంటారు, ఆ తరువాతే విజ్ఞానశాస్త్రం సంగతి.

ఇది ఫొటో కాదని గుర్తుంచుకోవాలి. మామూలు కెమెరా ఉపగ్రహానికి సూర్యుడి వెలుతురు కావాలి, మబ్బు అడ్డం ఉండకూడదు. మన దేశంలో చిక్కు ఇక్కడే వస్తుంది. గోదావరికి వరద వచ్చే నెలల్లోనే ఆకాశం నిండా మబ్బులు ఉంటాయి. చూడవలసిన రోజునే కన్ను మూసుకుపోతుంది. రాడార్ అలా కాదు. అది తన తరంగాలను తానే పంపి, నేలకు తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని వింటుంది. రాత్రయినా సరే, మబ్బయినా సరే దానికి ఒకటే. నిసార్‌లో రెండు రాడార్లు ఉన్నాయి. అమెరికా వారి దాని తరంగం పొడుగు సుమారు జానెడు. అది చెట్ల ఆకుల మధ్య నుంచి దూరి కొమ్మలనూ మానునూ నేలనూ తాకి వస్తుంది. భారతీయ రాడార్ తరంగం బెత్తెడు కంటె కాస్త ఎక్కువ. అది పైరునూ గడ్డినీ బాగా పసిగడుతుంది. ఒకటి చూడలేనిది రెండవది చూస్తుంది. ఇలా రెండు రకాల రాడార్లు ఒకే ఉపగ్రహం మీద ఇంత పెద్ద ఎత్తున పనిచెయ్యడం ఇదే మొదలు.

ఇంకో విశేషం ఉంది. నిసార్ 12 రోజులకు ఒకసారి సరిగ్గా అదే దారిలో తిరిగి వస్తుంది. ఆనాటి ప్రతిధ్వనినీ ఈనాటి ప్రతిధ్వనినీ పోల్చి చూస్తే మధ్యలో నేల ఒకటి రెండు సెంటీమీటర్లు కుంగినా, పక్కకు జరిగినా లెక్కకు దొరుకుతుంది. భూకంప ప్రాంతాలకూ, హిమానీ నదాలకూ, కొండచరియలకూ ఇది ఎంత అవసరమో డెల్టాలకు కూడా అంతే అవసరం. 2009లో శాస్త్రజ్ఞులు ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. అందులో కృష్ణా, గోదావరీ రెండూ ఉన్నాయి. ఎగువన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతుంది. కిందికి కొత్త మట్టి రాదు, ఉన్న మట్టి తన బరువుకు తానే కుంగుతుంది, ఆ పక్కనే సముద్రం పెరుగుతుంది. అవతలి గట్టున నిలబడ్డవాడికి ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల తేడా తెలియదు. తన పొలంలోకి ఉప్పునీరు వచ్చిన నాడు తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఈ ఉపగ్రహం తయారైన తీరే ఒక కథ. 2014 సెప్టెంబరు 30న టొరాంటోలో నాసా అధిపతి చార్లెస్ బోల్డెన్, ఇస్రో అధిపతి రాధాకృష్ణన్ ఒడంబడిక మీద సంతకాలు చేశారు. భారతీయ రాడార్‌ను అహమ్మదాబాదులో చేసి 2021లో కాలిఫోర్నియాలోని పసడీనాకు పంపారు. అక్కడ రెండింటినీ జతచేసి 2023లో అమెరికా సైనిక విమానంలో బెంగుళూరు చేర్చారు. ఇక ఎగరడమే తరువాయి అనుకునేసరికి 12 మీటర్ల జాలీ గొడుగు అంతరిక్షంలో మడిచి ఉన్నప్పుడు ఎండకు వేడెక్కిపోవచ్చునని తేలింది. దాన్ని మళ్ళీ కాలిఫోర్నియా తీసుకువెళ్ళి, వేడి సోకని పూత వేసి, 2024 అక్టోబరులో వెనక్కు తెచ్చారు. పెళ్ళికూతురి నగ మెరుగుకి కంసాలి దగ్గరకు పంపినట్టు అయింది. మొత్తం ఖర్చు దాదాపు 150 కోట్ల డాలర్లు. అందులో పెద్ద వాటా అమెరికాది. అయితే ఒకరి చేతిలో ఒకరు డబ్బు పెట్టుకోలేదు. ఎవరి పని ఖర్చు వారే భరించారు. పొత్తు నిలవడానికి మొదటి సూత్రం ఇదేనని నాకు తోస్తుంది. గేదెను సగం సగం కొనకూడదు. ఒకరు గేదెను తేవాలి, ఇంకొకరు పాక వెయ్యాలి.

కొత్తగా వచ్చిన వారికి తెలియకపోవచ్చు గాని మనలో వయసు మళ్ళిన వారికి 1992 గుర్తుండే ఉంటుంది. రష్యా నుంచి క్రయోజెనిక్ ఇంజన్ల పరిజ్ఞానం కొనబోతున్నారని అమెరికా ఆ ఏడాది ఇస్రో మీద రెండేళ్ళపాటు ఆంక్షలు పెట్టింది. ఆ పరిజ్ఞానం ఇవ్వకుండా మరుసటి ఏడు రష్యా వెనక్కు తగ్గింది. తరువాత ఆ ఇంజన్‌ను ఇస్రో వారు సొంతంగా తయారుచేసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2025లో నాసా తన ఖరీదైన రాడార్‌ను పైకి పంపడానికి నమ్ముకున్నది అలా తయారైన క్రయోజెనిక్ ఇంజన్ ఉన్న రాకెట్టునే. ఇందులో ఎవరినీ దెప్పడానికి ఏమీ లేదు. రాజకీయం ఒక దారిన పోతున్నా శాస్త్రజ్ఞుల మధ్య దారం తెగకపోతే ఏనాటికైనా మళ్ళీ ముడి వేసుకోవచ్చునని మాత్రం తెలుస్తుంది.

ఆ దారం పాతదే. 1960లలో అమెరికా వాతావరణ ఉపగ్రహాలు మబ్బుల బొమ్మలను కిందికి ప్రసారం చేస్తూ పోయేవి. సరైన రిసీవర్ ఉన్న ఏ దేశమైనా వాటిని ఉచితంగా పట్టుకోవచ్చు. బొంబాయిలో మనవాళ్ళు అలాగే పట్టుకున్నారు. 1970లో పిషారటిగారు కేరళ కొబ్బరితోటల మీద హెలికాప్టరు నుంచి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో ఫొటోలు తీయించారు. వేరుతెగులు సోకిన చెట్లు కంటికి కనిపించేలోపలే ఆ ఫిల్ములో బయటపడ్డాయి. అమెరికా సహాయంతో జరిగిన ఆ ప్రయోగమే భారతదేశంలో రిమోట్ సెన్సింగుకు నాంది. 1972 జూలై 23న అమెరికా వారి మొదటి లాండ్‌శాట్ వెళ్ళింది. దాని బొమ్మలో ఒక చుక్క అంటే నేల మీద సుమారు ఎకరంన్నర. ఇప్పటి లాండ్‌శాట్ చుక్క 22 సెంట్లు. ఐరోపా వారి సెంటినెల్-2 చుక్క రెండున్నర సెంట్లు. హైదరాబాదుకు దక్షిణాన షాద్‌నగర్‌లో 1979లో లాండ్‌శాట్ బొమ్మలు అందుకునే కేంద్రం పెట్టారు. అమెరికాకు రుసుము కట్టి అందుకునేవారు. అదే ఏడాది మన భాస్కర ఉపగ్రహం సోవియట్ రాకెట్టు మీద వెళ్ళింది. 1988లో ఐ.ఆర్‌.ఎస్‌.-1ఎ కూడా సోవియట్ రాకెట్టు మీదే వెళ్ళింది. 1995లో వెళ్ళిన ఐ.ఆర్‌.ఎస్‌.-1సి నాటికి పౌర ఉపగ్రహాలలో దాని చూపే అన్నిటికంటె నిశితమైనది. అమెరికా కంపెనీ ఒకటి ఓక్లహోమాలో దాని బొమ్మలు అందుకుని అమ్మింది. నిన్న కొనుక్కున్నవారు ఇవాళ అమ్ముకున్నారన్నమాట.

ఇదంతా కాగితాల మీది గొప్పేనా, మనిషికి ఒరిగిందేమిటి అని అడగవచ్చు. 1977 నవంబరు 19ని దివిసీమ వారెవరూ మరిచిపోలేరు. ఒక్క రాత్రి ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. 1990 మే నెలలో దాదాపు అంతటి తుఫాను మళ్ళీ మన కోస్తాను కొట్టింది. పోయినవారు వెయ్యి లోపు. ఈ రెంటికీ మధ్య ఏం జరిగింది? 1983లో ఇన్‌శాట్-1బి వెళ్ళింది. దాన్ని అమెరికాలో తయారుచేశారు, అమెరికా షటిల్ మోసుకువెళ్ళింది, దాని నుంచి మబ్బుల బొమ్మలు ఢిల్లీకి పదేపదే అందాయి. తీరం మీద రాడార్లు, తుఫాను ఆశ్రయాలు, లక్షల మందిని ముందుగా తరలించిన రెవెన్యూ సిబ్బంది, వీరందరి పనీ అందులో ఉంది. ఉపగ్రహం ఒక్కటే కాపాడిందని నేను అనను. కాని మబ్బు ఎటు కదులుతోందో తెలియకపోతే ఎవరిని ఎటు తరలించాలి?

ఈ పొత్తులో చేదు అనుభవం కూడా ఒకటి చెప్పాలి. 1984లో అమెరికా చట్టం చేసి లాండ్‌శాట్ వ్యవహారాన్ని ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. ఒక్కొక్క బొమ్మ ధర 4,000 డాలర్లు దాటింది. వర్ధమాన దేశాల విశ్వవిద్యాలయాల సంగతి సరే సరి, అమెరికా ప్రొఫెసర్లే కొనలేకపోయారు. కొనేవారు లేక చాలా చోట్ల బొమ్మలు తియ్యడమే తగ్గించారు. ఆనాడు తియ్యని బొమ్మను ఈనాడు ఎంత డబ్బు పోసినా తియ్యలేము కదా. తరువాత ప్రభుత్వం మళ్ళీ చేతిలోకి తీసుకుని, ధర 600 డాలర్లకు దించి, చివరికి 2008లో మొత్తం ఉచితం చేసింది. అమ్మిన రోజుల్లో ఏడాదికి పాతిక వేల బొమ్మలు పోతే గొప్ప. ఉచితం చేశాక ఏడాదికి పది లక్షలు దాటాయి. 2010 నుంచి వివిధ దేశాల కేంద్రాల్లో టేపుల మీద పాడైపోతున్న పాత బొమ్మలను కూడా పోగుచేసి ఒక్క చోట చేర్చారు. ఐరోపా వారు తమ సెంటినెల్ బొమ్మలను మొదటి నుంచీ అందరికీ తెరిచే ఉంచారు. నిసార్ సమాచారం కూడా ఉచితమే. కళ్ళం దగ్గర తాళం వేస్తే ధాన్యం పురుగు పడుతుందని ఇరవై ఏళ్ళకు తెలిసింది.

తెరిచిన కళ్ళం నుంచి ఒక్కొక్కసారి ఇష్టం లేని నిజం బయటకు వస్తుంది. 2002 మార్చి 17న అమెరికా, జర్మనీ కలిసి గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను రష్యా రాకెట్టు మీద పంపాయి. అవి 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి తిరిగేవి. కింద భూమి బరువు ఎక్కువైన చోట ముందుది కాస్త లాగబడి దూరం మారుతుంది. ఆ తేడాను వెంట్రుక మందం కంటె సన్నంగా కొలిచి, నేలలో నీరు పెరిగిందో తరిగిందో లెక్క కట్టేవారు. 2009లో ప్రచురించిన లెక్క ప్రకారం రాజస్థాన్, పంజాబ్, హర్యానా ప్రాంతంలో ఆరేళ్ళలో 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయింది. మన భాషలో 3,800 టి.ఎం.సి.ల పైమాట. కట్టిన నాటి నాగార్జునసాగర్ సామర్థ్యం 408 టి.ఎం.సి.లు. తొమ్మిది సాగర్లకు మించిన నీరు బోర్లలోంచి తోడేశారన్నమాట. ఏ ఊరి బావి లెక్కా ఈ మొత్తాన్ని ఒక్కసారి చూపించలేదు.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. కోనసీమలో కొబ్బరితోట ఉన్న మా పెద్దనాన్నగారి అబ్బాయి ఫోనులో నిలదీశాడు. “ఏరా తమ్ముడూ, నా తోట మీద అమెరికా వాడి కన్నెందుకు?” నేను అన్నాను, “నీ తోట ఒక్కటే కాదన్నయ్యా, ఇక్కడ మా పెరడు కూడా అదే ఉపగ్రహం చూస్తోంది. ఆ బొమ్మ నువ్వూ తీసి చూసుకోవచ్చు.” అతను ఊరుకుంటాడా? “చూసి నేనేం చేసుకోనురా? మా మురుగుకాలవ ఎప్పుడు తవ్విస్తారో ఆ బొమ్మలో ఉంటుందా?” అన్నాడు.

రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. మొదటి దాని మీద దేశాలు చాలా ఏళ్ళు వాదించుకున్నాయి. మా నేల బొమ్మ మా అనుమతి లేకుండా తియ్యకూడదని కొందరు, ఆకాశం అందరిదని మరికొందరు. 1986లో ఐక్యరాజ్య సమితి ఒక మధ్యేమార్గం ఆమోదించింది. అనుమతి అక్కరలేదు. అయితే ఏ దేశం నేలను చూశారో ఆ దేశానికి ఆ సమాచారం వివక్ష లేకుండా, సరసమైన ధరకు దొరకాలి. భారతదేశం కూడా చాలా కాలం తన నిశితమైన బొమ్మల మీద కట్టుబాట్లు పెట్టి, 2023 అంతరిక్ష విధానంలో 5 మీటర్లూ అంతకు మించిన చుక్కల బొమ్మలను ఉచితం చేసింది. రెండవ ప్రశ్నకు మాత్రం ఏ ఉపగ్రహమూ జవాబు చెప్పదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో మురుగునీటి సంగతి కూడా ఉంది. ఏ చేను ఎన్ని రోజులు నీటిలో ఉందో రాడార్ చూపగలదు. ఆ కాగితం కాలవల శాఖ బల్ల మీదకు చేరి, అక్కడి నుంచి పార పట్టినవాడి దాకా పోవాలి. శాస్త్రజ్ఞుల పొత్తు అక్కడితో ఆగితే రైతుకు దక్కేది రంగుల బొమ్మే.

నేల మీది మనిషి ఇంకో విధంగా కూడా ముఖ్యం. నేలలో తేమ ఇంత ఉందని ఉపగ్రహం చెబితే దాన్ని నమ్మేదెలా? ఎవరో ఒకరు చేలోకి దిగి, మట్టి తీసి, తూచి, ఎండబెట్టి, మళ్ళీ తూచాలి. మన సంఘంలో డాక్టర్లు చాలామంది గనుక వారికి తెలిసిన పోలిక చెబుతాను. బ్లడ్ ప్రెషర్ ఒక్కసారి చూసి మందు రాసెయ్యరు. ఏళ్ళ తరబడి రాసిన చార్టు కావాలి. యంత్రం మారిస్తే పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే చేతికి కట్టి సరిచూడాలి. వాతావరణం సంగతీ అంతే. ముప్పై ఏళ్ళ లెక్క ఉంటే గాని శీతోష్ణస్థితి గురించి మాట్లాడరు. ఉపగ్రహం ఆయుష్షేమో సామాన్యంగా అయిదారేళ్ళు. ఒకటి పోకముందే రెండవది పైకి వెళ్ళి కొంతకాలం పక్కపక్కన నడవాలి. 1993లో లాండ్‌శాట్-6 కక్ష్య చేరక ముందే పోయింది. 1984లో వెళ్ళిన లాండ్‌శాట్-5 అనుకున్న మూడేళ్ళకు బదులు 2013 దాకా బతికింది గనుక వరస తెగలేదు. గ్రేస్‌కు ఆ అదృష్టం లేదు. 2017లో అది ఆగిపోయింది, వారసులు 2018 మే 22న గాని వెళ్ళలేదు. ఆ మధ్య నెలల్లో మన భూగర్భజలానికి ఏమయిందో ఆ చార్టులో ఖాళీ గడి.

అందుచేత నా భయం రాకెట్ల గురించి కాదు, బడ్జెట్ల గురించి. కొత్త ఉపగ్రహం ఎగిరితే టెలివిజన్ వాళ్ళు వస్తారు. పాత కొలతను ఇంకో పదేళ్ళు పొడిగించే ఉపగ్రహానికి చప్పట్లు కొట్టేవారు తక్కువ, కోత పెట్టేవారు ఎక్కువ. రెండు రాజధానుల్లో ఎక్కడ ఖర్చు కోసినా చార్టు రెండు చోట్లా ఆగుతుంది. మనలో పౌరసత్వం తీసుకున్నవారు తమ కాంగ్రెసు సభ్యుడికి ఉత్తరం రాసేటప్పుడు వీసాల సంగతితో పాటు ఈ సంగతి కూడా రెండు వాక్యాలు రాస్తే బాగుంటుంది.

పిల్లలున్న ఇళ్ళకు ఒక సూచన. లాండ్‌శాట్ పాత బొమ్మలు అమెరికా జియొలాజికల్ సర్వే వారి దగ్గర, నిసార్ సమాచారం అలాస్కా కేంద్రంలోనూ హైదరాబాదు వారి ‘భూనిధి’లోనూ ఉచితంగా దొరుకుతాయి. స్కూలు సైన్స్ ఫెయిర్‌కి ఏ అగ్నిపర్వతం బొమ్మో చేసే బదులు కొల్లేటి సరస్సు తీసుకోండి. 1970ల బొమ్మ ఒకటి, చేపల చెరువులు సరస్సును మింగేసిన రోజులది ఒకటి, 2006లో గట్లు కొట్టేసిన తరువాతది ఒకటి, ఇప్పటిది ఒకటి, వరసగా పెట్టమనండి. లేదా కాకినాడ పక్కన ఉప్పాడ తీరం ఎంత లోపలికి వచ్చిందో గీత గీసి చూపించమనండి. తాతగారికి ఫోను చేసి, ఆ బొమ్మలో కనిపించే గుడి, రోడ్డు, కాలవ నిజంగా అక్కడే ఉండేవా అని అడగమనండి. ఉపగ్రహం లెక్కను సరిచూడడానికి అంతకంటె మంచి సాక్షి దొరకడు. తాతగారు ఆ సాయంత్రం ఎంతసేపు మాట్లాడతారో కూడా చూడవచ్చు. ఎవరైనా అలా తయారుచేస్తే సంక్రాంతి సమావేశంలో గోడకు పెట్టే ఏర్పాటు కార్యవర్గం వారు చేస్తామన్నారు. బొమ్మలు మూడు వారాలు ముందుగా అందజేయాలి.

వచ్చే నెల ఈ శీర్షికలో ఋతుపవనాలను ముందుగా చెప్పడం ఎందుకంత కష్టమో ముచ్చటించుకుందాం. అంతవరకు సెలవు.